జోగే కోడిని ఇంట్లో ఎలా చూసుకోవాలి: మొదటి గంట నుంచి మళ్లీ గూట్లో చేరేదాకా

పొద్దున గూడు తలుపు తీయగానే కోళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి ఉరుకుతాయి. గింజలు చల్లకముందే కాళ్ల చుట్టూ తిరుగుతాయి. అందులో ఒకటి బయటికి రాకుండా మూలకు ముడుచుకుని, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి నిలబడిందంటే చేతిలో పని పక్కన పెట్టండి. మా దేవరకొండ వైపు దీన్ని ‘కోడి జోగుతున్నది’ అంటాం. జోగే కోడిని చూస్తే ఇంట్లో రెండు మాటలు వినబడతాయి. ‘మాపటికి సూద్దాం తీ’ అని ఒకరంటారు. ‘సచ్చేలోపు కోసుకుంటే అయిపాయె’ అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటల మధ్య పోయిన కోళ్లను నేను చాలా చూశాను. వాటిలో బతకగలిగినవి ఎన్నో ఉన్నాయి.

కోడి జబ్బును దాచుకుంటుంది. నీరసంగా కనబడితే సాటి కోళ్లే పొడుస్తాయి, గద్దకో పిల్లికో చిక్కుతుంది. అందుకే ఒంట్లో కాస్త సత్తువ ఉన్నంతసేపు అందరితో పాటు నేల గీకుతూ, గింజ ఏరుతున్నట్టే తిరుగుతుంది. మన కంటికి జోగుతూ కనబడేసరికి జబ్బు మొదలై ఒకటి రెండు రోజులు దాటి ఉంటుంది. కాబట్టి మాపటిదాకా ఆగొద్దు. ఒక వరుస మనసులో పెట్టుకోండి: ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాత మేత. జబ్బు పేరు కనుక్కోవడం, మందు వెతకడం ఆ తర్వాతి పని. చాలామంది కోడిని అలాగే వదిలేసి ముందు మందుల దుకాణానికి పోతారు. ఒళ్లు చల్లబడి, నీళ్లు లేక ఎండిపోయిన కోడికి ఏ మందూ ఒంటబట్టదు.

ముట్టుకునే ముందు మందను చూడండి

జోగేది ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా? నిన్నా మొన్నా ఏమైనా చచ్చాయా? పక్కింట్లో, వాడకట్టులో కోళ్లు పోతున్నాయా? ఒక్క కోడే నలతగా ఉంటే కింద చెప్పినట్టు ఇంట్లో చూసుకోవచ్చు. రెండు మూడు రోజుల్లో కోళ్లు వరసగా పోతుంటే అది వేరే సంగతి.

పెద్దవాళ్లు ‘కోళ్లకు గత్తరొచ్చింది’ అనేది ఎక్కువగా రాణిఖేత్ జబ్బునే. కొక్కెర తెగులు అన్నా అదే. ఆకుపచ్చగానో తెల్లగానో పల్చగా పారుతుంది, నోరు తెరిచి గుర్రుగుర్రుమంటుంది, కొన్నిటికి మెడ మెలి తిరుగుతుంది, కాలో రెక్కో పడిపోతుంది. ఇది వైరస్ జబ్బు, దీన్ని తగ్గించే మందు లేదు. ఇక జుట్టు, తమ్మెలు నీలంగా మారి, ముఖం వాచి, నిన్నటిదాకా బాగున్న కోళ్లు టపటపా రాలిపోతుంటే బర్డ్ ఫ్లూ అయి ఉండొచ్చని కూడా అనుకోవాలి. 2025 ఫిబ్రవరిలో మన పక్కనున్న యాదాద్రి జిల్లా చౌటుప్పల్ మండలంలోనే అది బయటపడింది, అంటే మన ఇలాకాకు రాదని ధీమాగా ఉండలేం. అలాంటప్పుడు కోడిని ఒళ్లోకి తీసుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు, చచ్చినవాటిని కోయొద్దు. మండలంలోని పశువుల దవాఖానకు చెప్పండి, లేదంటే 1962కు ఫోన్ చేయండి. మన తెలంగాణలో పశువుల అంబులెన్సుకు అదే నంబరు, డబ్బులు పడవు.

రెండు రకాల కోళ్లను చూసి ఊరికే భయపడొద్దు. పొదుగుకు కూర్చున్న కోడి కూడా కదలదు, ఈకలు ఉబ్బిస్తుంది. కానీ దాని కళ్లు చురుగ్గా ఉంటాయి, చెయ్యి పెడితే గుర్రుమని పొడుస్తుంది. ఈకలు రాల్చే కోడి చూడటానికి దిగాలుగా ఉంటుంది, గుడ్లు ఆపేస్తుంది, మేత మాత్రం తింటుంది.

వెచ్చగా, ఒంటరిగా, చీకటిగా

జబ్బు కోడిని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి. ఒక పెద్ద అట్టపెట్టె గానీ, కోడిగంప గానీ చాలు. వంటగదిలో వద్దు, మనుషులు పడుకునే చోట వద్దు. పిల్లి, కుక్క రాని వసారా మూల మంచిది. కింద గోనెసంచి, దాని మీద పాత పేపరు వేయండి. గడ్డి, పొట్టు వేస్తే రెట్ట ఎలా ఉందో కనబడదు, పేపరు మీద బాగా తెలుస్తుంది.

కోడి ఒంటి వేడి 41 నుంచి 42 డిగ్రీలు. మనకంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ. అందుకే బాగున్న కోడిని పట్టుకుంటే మన చేతికి వెచ్చగా తగులుతుంది. జోగే కోడి కాళ్లు, రెక్క కింది చర్మం మీ చేతికి చల్లగా తగిలాయంటే అది నిజంగానే చల్లబడిపోతున్నట్టు. వానాకాలం, చలికాలం అయితే గంపకు ఒక పక్కన 60 వాట్ల పాత రకం బల్బు అడుగున్నర దూరంలో వేలాడదీయండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుందే తప్ప వేడి ఇవ్వదు. కరెంటు లేకపోతే సీసాలో వేడినీళ్లు పోసి, తువాలు చుట్టి పక్కన పెట్టండి, చల్లారినప్పుడల్లా మార్చండి. వేడి ఒక పక్కనే ఉండాలి. ఎక్కువైతే కోడి తనంతట తాను అవతలికి జరుగుతుంది. జరగలేనంత నీరసంగా ఉంటే గంటకోసారి మీరే చెయ్యి పెట్టి చూడాలి. పైన పల్చటి చీర కప్పితే చీకటిగా ఉండి కోడి నిమ్మళిస్తుంది, కానీ ఆ బట్ట బల్బుకు తగలొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో అంతా తిరగబడుతుంది. నల్లగొండలో, పాలమూరులో ఎండ 44, 45 డిగ్రీలు కొట్టే రోజుల్లో రేకుల కింద ఉన్న కోడికి వడదెబ్బ తగులుతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఒంటికి దూరంగా చాపడం, అదే దాని చెమట. అప్పుడు చెట్టు నీడకో పెంకుటింటి లోపలికో తెచ్చి, కాళ్లు మునిగేంత చల్లటి కుండనీళ్లలో నిలబెట్టండి, జుట్టు తడపండి. ఐసు నీళ్లలో ముంచొద్దు, ఒక్కసారిగా ఆ దెబ్బకు తట్టుకోలేదు. పక్కన తడిపిన గోనెసంచి వేలాడదీస్తే గాలి చల్లగా తగులుతుంది.

నీళ్లు పట్టే తీరు

ఈ ఒక్క పని సరిగా నేర్చుకుంటే చాలు, మిగతావి మెల్లగా వస్తాయి. నేను తప్పు చేసి నేర్చుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మ పెంచిన ఎర్రపెట్ట ఒకటి జోగుతుంటే, అమ్మ చేను కాడికి పోయిన టైంలో గ్లాసుతో నీళ్లు తెచ్చి, ముక్కు తెరిచి, తల పైకెత్తి పోశాను. అది రెండుసార్లు తల విదిలించి, గొంతులో గుర్రుమని, నా చేతుల్లోనే వాలిపోయింది. జబ్బుతో పోయిందని అందరూ అన్నారు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయిందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

కోడి నోరు తెరిచి చూడండి, నాలుక మొదట్లో చిన్న చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అదే గాలి పీల్చే దారి. నోటి నడుమ నీళ్లు పోస్తే నేరుగా అందులోకే దిగుతాయి. అందుకని నోరు తెరవనే వద్దు. కోడిని తువాలులో చుట్టి, రెక్కలు కదలకుండా ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి. గోరువెచ్చని నీళ్లలో వేలు ముంచి, ముక్కు పక్క అంచున ఒక్క చుక్క పెట్టండి. చుక్క అంచు వెంట జారి లోపలికి ఇంకుతుంది. కాసేపటికి నాలుక ఆడిస్తుంది, గుటక వేస్తుంది. గుటక కనబడ్డాకే రెండో చుక్క. ఐదారు చుక్కల తర్వాత చాలా కోళ్లు తామే ముక్కు ముంచడానికి తల వంచుతాయి. అప్పుడు చిన్న గిన్నె ముందు పెట్టండి. సూది తీసేసిన సిరంజి వాడేవాళ్లు కూడా ముక్కు పక్క నుంచే ఒక్కో చుక్క వదలాలి. ఒకేసారి నొక్కేయొద్దు. గొంతులో గుర్రుమని వినబడితే ఆపేసి, తల ముందుకు వంచి పట్టుకోండి.

గుటక వేయలేని కోడికి, మెడ నిలవని కోడికి నోటితో ఏమీ పట్టొద్దు. దాన్ని వెచ్చగా ఉంచి డాక్టరు దగ్గరికి తీసుకుపోవడమే దారి.

మొదటి రోజు ఉత్త నీళ్ల కంటే ఓఆర్‌ఎస్ నీళ్లు మేలు. అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త దగ్గర దొరికే పొట్లం మనుషులకు లీటరు నీళ్లలో కలుపుతారు. కోడికి నేను రెండు లీటర్లలో కలుపుతాను, దానికి ఉప్పు ఎక్కువ పడదు. పొట్లం లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, పావు చెంచా ఉప్పు వేసి కరిగించండి, బెల్లమైనా పర్వాలేదు. ఒక రోజుకు మించి ఈ నీళ్లే పట్టొద్దు. రెండో రోజు నుంచి మంచినీళ్లు పెట్టండి. కిలోన్నర బరువున్న నాటుకోడి మామూలుగా రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది. జబ్బు కోడి అంత తాగదు. గంటకు రెండు మూడు చెంచాల చొప్పున లోపలికి పోతే ఆ పూట గడిచినట్టే.

ఒళ్లో పెట్టుకుని తడిమి చూడండి

కోడి కాస్త వెచ్చబడి, నాలుగు చుక్కలు తాగాక ఒంటినంతా చూడండి. ముందు రొమ్ము. రెండు వేళ్లతో రొమ్ము నడుమ ఎముకను తడమండి. అటూ ఇటూ కండ నిండుగా ఉంటే జబ్బు ఈ మధ్యనే వచ్చింది. ఎముక కత్తి అంచులా చేతికి గుచ్చుకుంటే వారాలుగా లోలోపల చిక్కిపోతున్నట్టు. కడుపులో పురుగులో, రక్తం తాగే గోమార్లో, పాత జబ్బో పట్టి ఉంటుంది. ఈకలు నిండుగా ఉండటంతో మన కంటికి తెలియదు, చేతికే తెలుస్తుంది.

తర్వాత మెడ కింద కుడివైపు ఉండే మేత సంచి. మాపటికి గింజలతో నిండి గట్టిగా ఉండి, తెల్లారేసరికి ఖాళీ కావాలి. అందుకే దీన్ని తెల్లవారుజామున, మేత పెట్టకముందు చూడండి. పొద్దున కూడా గట్టిగా బంతిలా ఉంటే లోపల ఏదో అడ్డం పడ్డది: పొడుగాటి గడ్డి, ప్లాస్టిక్ ముక్క, దారం. గింజలు ఆపి, గోరువెచ్చని నీళ్లతో పాటు ఒక చెంచా కొబ్బరినూనె చుక్క చుక్కగా పట్టి, సంచిని రోజుకు మూడు నాలుగుసార్లు మెత్తగా పిసకండి. రెండు రోజులైనా కరగకపోతే డాక్టరు సంచి కోసి తీయాల్సి రావచ్చు. గట్టిగా కాకుండా నీళ్ల సంచిలా మెత్తగా ఊగుతూ, నోరు పుల్లటి వాసన కొడితే లోపల మేత పులిసిపోయింది. అలాంటి కోడిని తలకిందులు చేసి కక్కించడం చాలామంది చేస్తారు. దయచేసి చేయొద్దు, ఆ నీళ్లు గాలి దారిలోకి పోతాయి.

జుట్టు ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి తెల్లబారితే ఒంట్లో రక్తం తగ్గింది. మన పాత మట్టిగోడల గూళ్లలో దీనికి పెద్ద కారణం గోమార్లు. పగలు గోడ పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. పగలు కోడి ఒళ్లంతా వెతికినా ఒక్కటీ దొరకదు, రాత్రి పదింటికి టార్చి లైటుతో గూట్లో చూస్తే తెలుస్తుంది. పేలైతే వెనకద్వారం చుట్టూ ఈకల మొదళ్లలో తెల్లటి గుడ్ల గుత్తుల్లా అంటుకుని ఉంటాయి. చేనుకు కొట్టే పురుగుమందు పొడిని కోడికి రాయడం మన దగ్గర అలవాటుగా మారింది. ఈకలు సర్దుకుంటూ ఆ పొడిని కోడి మింగుతుంది, మీ పిల్లలు అదే కోడిని ఎత్తుకుంటారు. కోడికి వాడే మందు పశువుల దవాఖానలో అడిగి తీసుకోండి. గూటి పగుళ్లు మట్టితో మెత్తి సున్నం వేయండి. ఇంటి వెనక ఒక గుంతలో పొడి మట్టి, కట్టెల బూడిద కలిపి పెడితే బాగున్న కోళ్లు తామే పొర్లి పేలను వదిలించుకుంటాయి.

చివరగా కళ్లు, ముక్కు, కాళ్లు చూడండి. ముక్కు కారుతూ ఒక కన్ను వాచి దుర్వాసన వస్తుంటే అది ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే జలుబు జబ్బు, డాక్టరు మందు రాయాలి. జుట్టు మీద, కళ్ల చుట్టూ నల్లటి పొక్కులుంటే మశూచి. దోమలతో వ్యాపిస్తుంది. పొక్కులు గిల్లొద్దు. పసుపు, వేపాకు నూరి కొబ్బరినూనెలో కలిపి రాయండి. తింటూ ఉంటే రెండు మూడు వారాల్లో రాలిపోతాయి. నోట్లో పసుపుపచ్చ పొర కట్టిందా అని చూడటం మరవొద్దు. లోపలి మశూచే కోడిని చంపేది.

రెట్ట చెప్పే సంగతులు

పేపరు మీద పడ్డ రెట్టను పొద్దున, మాపున చూడండి. గోధుమరంగులోనో ఆకుపచ్చలోనో గట్టిగా ఉండి, పైన తెల్లటి టోపీలా ఉంటే మామూలు. రోజులో ఒకటి రెండుసార్లు జిగటగా, కంపు కొడుతూ, చాక్లెట్ రంగులో వస్తుంది, అది కూడా మామూలే. తోటకూర తింటే ఆకుపచ్చగా, ఎండాకాలం నీళ్లు ఎక్కువ తాగితే పల్చగా ఉంటుంది. ఏమీ తినకుండానే ముదురు ఆకుపచ్చగా వస్తుంటే కడుపు ఖాళీగా ఉండి పిత్తమే దిగుతున్నట్టు. రక్తం కనబడితే, ముఖ్యంగా వానాకాలంలో రెండు మూడు నెలల పిల్లల్లో, రక్తపారుడు జబ్బు. తడి నేల మీద దీని క్రిమి పెరుగుతుంది. ఆంప్రోలియం మందు నీళ్లలో కలిపి ఇస్తారు, మోతాదు డాక్టరునే అడగండి. సేమ్యాలా తెల్లటి పురుగులు కనబడితే నట్టల మందు కావాలి. బయట తిరిగే నాటుకోళ్లన్నిటికీ మూడు నెలలకోసారి అది పట్టించడం మంచిది.

గుడ్డు అడ్డం పడితే

గుడ్లు పెట్టే కోడి తోక కిందికి దించి, కాళ్లు ఎడంగా పెట్టి నిటారుగా నిలబడి ముక్కుతుంటే, రెండు రోజులుగా గుడ్డు పెట్టకపోతే, గుడ్డు అడ్డం పడిందేమో చూడాలి. తోక కింద, పొట్ట కింది భాగంలో చేతికి గుండ్రంగా గట్టిగా తగులుతుంది. మొదటిసారి గుడ్డుకొచ్చిన పెట్టలకు, సున్నం చాలని ముసలి పెట్టలకు ఇది ఎక్కువ.

కిందటేడు మా నల్లపెట్టకు ఇట్లాగే అయింది. మోచెయ్యి ముంచితే హాయిగా ఉండేంత వేడినీళ్లు తొట్టిలో పోసి, దాని పొట్ట మునిగేలా కూర్చోబెట్టాను. మొదట కొట్టుకుంది, రెండు నిమిషాల్లో కళ్లు మూసుకుని నీళ్లలో సర్దుకుంది. నీళ్లు చల్లారుతుంటే పక్కనుంచి వేడివి కలుపుతూ ఇరవై నిమిషాలు ఉంచాను. తీసి తువాలుతో తడి లేకుండా తుడిచి, వెనకద్వారం చుట్టూ కొబ్బరినూనె రాసి, వెచ్చని చీకటి గంప కింద పెట్టాను. రెండోసారి నీళ్లలో కూర్చోబెట్టాక, రాత్రి తొమ్మిదింటికి గంప ఎత్తితే గోనె మీద పెంకు పల్చగా, గరుకుగా ఉన్న గుడ్డు పడి ఉంది. కోడి దాని పక్కనే నిలబడి నీళ్ల గిన్నె కోసం చూస్తున్నది.

పొట్ట నొక్కి గుడ్డును బలవంతంగా దించొద్దు. లోపల పగిలితే పెంకు ముక్కలు కోసుకుపోయి కోడి బతకదు. ఒక రోజంతా చూసినా గుడ్డు రాకపోతే దవాఖానకు తీసుకుపోండి. కోలుకున్నాక గుడ్డు పెంకులు వేయించి, పొడి చేసి మేతలో కలుపుతూ ఉండండి.

విత్తనం తిన్న కోడి

జూన్‌లో, తొలకరి పడి పత్తి గింజలు పెట్టే రోజుల్లో, పొద్దున బాగున్న కోడి మధ్యాహ్నానికి తూలుతుంటే జబ్బు అనుకోకముందు చేను గురించి ఆలోచించండి. మందు పట్టించిన విత్తనాలు ఎరుపు, నీలం రంగుల్లో ఉంటాయి. మిగిలినవి గట్టు మీదనో వాకిట్లోనో పోస్తే కోళ్లు ఏరుకుంటాయి. మందు కొట్టిన మిరపచేనులో చచ్చిన పురుగులు తిన్నా అంతే. నోట్లోంచి జొల్లు కారుతుంది, కాళ్లు వణుకుతాయి, పల్చగా పారుతుంది, ఊపిరి బరువవుతుంది. ఇందులో ఇంటి వైద్యం ఏమీ పనిచేయదు. నూనె, పాలు పట్టొద్దు. తిన్నదేదో తెలిస్తే ఆ సంచి, ఆ డబ్బా వెంట తీసుకుని వెంటనే దవాఖానకు పోండి. కొన్ని మందులకు విరుగుడు సూది ఉంది, ఏ మందో తెలిస్తేనే డాక్టరు ఇవ్వగలరు. ఆ కోడిని ఎట్టి పరిస్థితిలోనూ కోసుకు తినొద్దు.

ఏం పెట్టాలి

ఒళ్లు వెచ్చబడి, నీళ్లు గుటక వేస్తున్నప్పుడే మేత. చల్లబడ్డ కోడికి మేత సంచి కదలదు, పెట్టింది అక్కడే పులుస్తుంది. మొదటి పూట నూకల జావ పల్చగా, ఉప్పూ కారం లేకుండా, గోరువెచ్చగా పెట్టండి. తైదల (రాగుల) అంబలి కూడా మంచిదే. మాపటికి ఉడికించిన గుడ్డు పచ్చసొన వేళ్లతో నలిపి జావలో కలపండి. కోడికి గుడ్డు పెట్టడమేంటని మా నాయనమ్మ కసిరేది కానీ, అంత సులువుగా అరిగే బలం ఇంకొకటి లేదు. గిన్నెలో పెడితే ముట్టని కోడి, అరచేతిలో పెట్టి వేలితో టకటకా కొట్టి చూపిస్తే ఒక్కోసారి పొడుస్తుంది. తల్లికోడి పిల్లలకు గింజ చూపించేది అట్లాగే కదా.

రెండో మూడో రోజు సన్నగా తరిగిన మునగాకు, తోటకూర, చెంచాడు పెరుగు కలపవచ్చు. రెట్ట గట్టిపడ్డాక నూకలు, తర్వాత జొన్నలు, సజ్జలు. మిర్యాలగూడ మిల్లుల తవుడు దొరికినా పాతబడి కమురు వాసన కొట్టేది వద్దు. వానకు తడిసి బూజు పట్టిన మక్కలు, పల్లికాయలు మనం తినలేమని కోళ్లకు చల్లుతాం. ఆ బూజు విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. పారేయండి.

మందుల దగ్గర జాగ్రత్త

ఇంట్లో మనుషులకు తెచ్చిన గోళీలు, క్యాప్సూల్ పొడులు అంచనా మీద కోడికి వేయొద్దు. మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. కిలోపావు కోడికి మనిషి గోళీలో సగమంటే ఎంత ఎక్కువో చూడండి. రాణిఖేత్ లాంటి వైరస్ జబ్బులకు యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా మందు వేసిన కోడి గుడ్లలో, మాంసంలో కొన్నాళ్లు ఆ మందు ఉంటుంది. ఎన్ని రోజులు తినకూడదో డాక్టరును అడిగి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. పసుపు, ఎల్లిగడ్డ కొద్దిగా మేతలో కలిపితే నష్టం లేదు. కానీ వాటిని నమ్ముకుని రెండు రోజులు పోగొట్టుకోవద్దు.

సంచిలో కూర్చోబెట్టి వేలాడే కాటాతో రోజూ ఒకే టైంకు బరువు తూచి రాసుకోండి. మూడు రోజులు వరసగా తగ్గుతుంటే మీరు చేస్తున్నది చాలట్లేదని అర్థం. దవాఖానకు పోయేటప్పుడు ఆ కాగితం, ఆ రోజు రెట్ట పడ్డ పేపరు ముక్క తీసుకుపోతే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

ఎంత చేసినా కొన్ని పోతాయి. అప్పుడు వాగులో, రోడ్డు పక్కన, చెత్తకుప్పలో వేయొద్దు. కుక్కలు ఊరంతా ఈడ్చి జబ్బు పంచుతాయి. బాయికి దూరంగా, నడుము లోతు గుంత తీసి, పైన సున్నం చల్లి పూడ్చండి. జోగే కోడిని కోసి కూర చేయడం గురించి ఒక్క మాట. దాని రక్తం, ఈకలు, కడిగిన నీళ్లు వాకిట్లో పడితే మిగతా మందకు అదే జబ్బు అంటుతుంది, కోసిన చేతులకూ ప్రమాదమే. ఆ ఒక్క పూట కూర కోసం పదిహేను కోళ్లు పోయిన ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి.

మిగతా మంద

జబ్బు కోడిని చూసిన రోజే గూడు ఊడ్చి, నీళ్ల గిన్నెలు తోమి ఎండలో పెట్టండి. ముందు బాగున్న కోళ్లకు మేత వేసి, జబ్బు కోడి పని చివర చూసుకుని, సబ్బుతో చేతులు, కాళ్లు కడుక్కోండి. అంగడిలో కొన్న కోడిని, చుట్టాలు తెచ్చిన కోడిని పదిహేను రోజులు వేరేగా ఉంచాకే కలపండి. దసరాకు, బోనాలకు కొన్న కోళ్లతోనే మా ఊరికి గత్తర చాలాసార్లు వచ్చింది.

రాణిఖేత్‌కు మందు లేదు గానీ టీకా ఉంది. పిల్లలకు వారం వయసులో లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో, నాలుగు వారాలకు మళ్లీ లసోటా, ఎనిమిది వారాలకు ఆర్‌2బి సూది. లసోటా సీసా వంద, అంతకంటే ఎక్కువ కోళ్లకు సరిపోతుంది, విప్పాక రెండు గంటల్లో వాడేయాలి. కాబట్టి నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి తెచ్చుకోండి. ఐసు వేసిన ఫ్లాస్కులో తెచ్చి, పొద్దు గూకాక వేయండి. జోగే కోడికి టీకా వేస్తే తగ్గదు. టీకా బాగున్న కోడికే.

మళ్లీ గూట్లోకి

తనంతట తాను తింటూ, రెట్ట గట్టిపడి, బరువు పెరుగుతూ, జుట్టుకు ఎరుపు తిరిగి వచ్చాక కూడా ఇంకో వారం పది రోజులు ఆగండి. రాణిఖేత్ లాంటి అంటుజబ్బు నుంచి తేరుకున్నదైతే ఎన్నాళ్లు వేరుగా ఉంచాలో డాక్టరు మాట ప్రకారం చేయండి. తర్వాత పగలు గంప కిందే ఉంచి, గంపను మంద తిరిగే చోట పెట్టండి. ఒకదాన్నొకటి చూసుకుంటాయి, పొడవలేవు. రెండు మూడు రోజులు ఇట్లా గడిచాక, పొద్దుగూకి అన్నీ గూటికెక్కి కునుకు తీస్తున్నప్పుడు దీన్ని తీసుకెళ్లి వాటి నడుమ కూర్చోబెట్టండి. తెల్లవారుజామున మీరు ముందే లేచి గూడు తలుపు తీయండి. రెండు చోట్ల గింజలు చల్లండి, ఒక చోట చల్లితే పెద్ద పెట్టలు దీన్ని రానివ్వవు. అది బయటికి ఎలా వస్తుందో చూడండి. తోసుకుంటూ వచ్చి గింజ మీద పడితే సరే. వెనక నిలబడిపోతే ఇంకో రెండు రోజులు గంప కిందికి తెచ్చుకోండి.